సంధ్యాకాశంలో రాకెట్ వెలుగు: ఉత్తరాంధ్రకు ఎప్పుడు కనిపిస్తుంది, ఎప్పుడు కనిపించదు

క్లుప్తంగా: శ్రీహరికోటకు శ్రీకాకుళం దాదాపు 640 కిలోమీటర్లు, విజయనగరం దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఇంత దూరం నుంచి రాకెట్ కనిపించడం అసాధ్యమేమీ కాదు. ఆ సమయానికి ఇక్కడ పొద్దు గుంకి ఎంతసేపయింది, పైన రాకెట్‌పై ఎండ ఇంకా పడుతోందా అన్నవే ముఖ్యం. ఈ లెక్కలో తెల్లవారుజాము ప్రయోగాలకన్నా సాయంత్రపు ప్రయోగాలే ఉత్తరాంధ్రకు అనుకూలం. వెలుగు ఈశాన్యం నుంచి లేస్తే శ్రీహరికోటను కాదు, ఒడిశా తీరపు క్షిపణి పరీక్షను ముందుగా అనుమానించాలి.

మసక చీకటి పడుతున్న వేళ ఆకాశంలో తెల్లని విసనకర్రలాంటి వెలుగు కనిపించి, కొద్ది నిమిషాల్లో వెడల్పై, తర్వాత మెలికలు తిరిగిన గీతగా మిగిలిపోతే, ఆ రాత్రికల్లా ఫోన్లలో రకరకాల వివరణలు తిరుగుతాయి. తోకచుక్క అని ఒకరు, కూలిపోతున్న ఉపగ్రహమని ఒకరు, ఎగిరే పళ్లెమని మరొకరు అంటారు. అదే రోజు శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే చర్చ అక్కడితో ముగియాలి గానీ, తరచూ ముగియదు. అంత దూరాన ఎగిరింది ఇక్కడికెలా కనిపిస్తుందన్నది మొదటి సందేహం. కనిపించేదే అయితే ప్రతి ప్రయోగమూ ఎందుకు కనిపించదన్నది రెండోది. రెండో ప్రశ్నకు సరైన జవాబు దొరికితే మొదటిదానికి వేరే జవాబు అక్కర్లేదు.

కింద చీకటి, పైన ఎండ

సూర్యుడు అస్తమించడమంటే చూసేవారున్న నేల భూమి నీడలోకి వెళ్లడం మాత్రమే. అదే నేలకు నిట్టనిలువున చాలా ఎత్తులో ఉన్న చోటికి ఎండ ఇంకా తగులుతూనే ఉంటుంది. ఈ సూత్రాన్ని గమనించడానికి రాకెట్ అవసరం లేదు. మందస వైపు నుంచి తెల్లవారుజామున పడమటికి చూస్తే, మైదానానికి ఎండ రాకముందే మహేంద్రగిరి శిఖరం ఎర్రబడటం కనిపిస్తుంది. ఆ శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. లెక్క ప్రకారం ఆ ఎత్తులో సూర్యోదయం మైదానంకన్నా సుమారు 5 నిమిషాలు ముందుంటుంది. (ఇస్రో రాకెట్ ఇంజిన్లను పరీక్షించే మహేంద్రగిరి తమిళనాడులోది, పేరు ఒకటే అయినా ఆ కొండ వేరు.)

ఒకటిన్నర కిలోమీటరు ఎత్తుకే 5 నిమిషాల తేడా వస్తే, 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొగకు ఎంత తేడా వస్తుందో ఊహించవచ్చు. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీలు దిగువకు వెళ్లేసరికి నడినెత్తి మీద భూమి నీడ ఎత్తు సుమారు 35 కిలోమీటర్లు. 12 డిగ్రీలు దిగేసరికి అది 142 కిలోమీటర్లకు, 18 డిగ్రీలకు దాదాపు 330 కిలోమీటర్లకు చేరుతుంది. అంటే నీడ మొదట మెల్లగా, తర్వాత వేగంగా పైకి లేస్తుంది. మన అక్షాంశాల్లో సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు కాబట్టి సూర్యాస్తమయం నుంచి 6 డిగ్రీలు దిగడానికి 22 నుంచి 25 నిమిషాలు, 12 డిగ్రీలకు 50 నిమిషాల లోపు పడుతుంది. ఐరోపా ఉత్తర దేశాల్లో గంటలకొద్దీ సాగే సంధ్య ఇక్కడ గంటంపావుకే ముగుస్తుంది. రాకెట్ వెలుగు చూసేందుకు దొరికే వ్యవధి ఇక్కడ సహజంగానే చిన్నది.

ఈ వ్యవధిలో రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. చూసేవారి ఆకాశం తగినంత నల్లబడాలి. రాకెట్ వదిలిన పొగ నీడకు పైన, ఎండలో ఉండాలి. పొద్దు గుంకిన వెంటనే రెండో షరతు తీరుతుంది గానీ మొదటిది తీరదు. గంట దాటాక మొదటిది తీరుతుంది గానీ రెండోది కష్టమవుతుంది. మధ్యలో 20 నుంచి 45 నిమిషాల వరకు ఉండే కాలమే అసలైన అదను.

2017 డిసెంబరు 22న అమెరికాలోని వాండెన్‌బర్గ్ నుంచి స్పేస్ఎక్స్ సంస్థ ఫాల్కన్ 9 రాకెట్‌ను సాయంత్రం 5:27కు ప్రయోగించింది. లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి పొద్దు గుంకి సుమారు 40 నిమిషాలైంది. నగరమంతా ఆ వెలుగును చూసి రోడ్ల మీద వాహనాలు ఆపుకొంది. అదే స్థావరం నుంచి మధ్యాహ్నం ఎగిరే రాకెట్లను ఆ నగరవాసులు అసలు పట్టించుకోరు.

పొగ అంత పెద్దదెలా అవుతుంది

దూరం నుంచి కనిపించేది రాకెట్ కాదు. 640 కిలోమీటర్ల దూరంలో 40 మీటర్ల పొడవున్న వస్తువు కంటికి ఆనే ప్రసక్తే లేదు. కనిపించేది అది వదిలిన వాయువుల మేఘం. నేల దగ్గర చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఆ వాయువులను సన్నని ధారగా అదిమి ఉంచుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదానిలో నూరో వంతు, 50 కిలోమీటర్ల దగ్గర దాదాపు వెయ్యో వంతు, 100 కిలోమీటర్లు చేరేసరికి పది లక్షలో వంతు కన్నా తక్కువ. అదిమి ఉంచేది లేకపోవడంతో ఇంజిన్ నుంచి సెకనుకు రెండు, మూడు కిలోమీటర్ల వేగంతో వచ్చే వాయువులు పక్కలకు విచ్చుకుని పదుల కిలోమీటర్ల వెడల్పున పరచుకుంటాయి. జెల్లీఫిష్ అని వార్తల్లో పిలిచే ఆకారం ఇలా ఏర్పడుతుంది. రాకెట్ దాని కొనలో చుక్కలా ఉంటుంది.

ఈ మేఘంలో ఎండను చెదరగొట్టే కణాలు ఇంధనాన్ని బట్టి మారుతాయి. ఇస్రో రాకెట్లలో పీఎస్‌ఎల్‌వీ తొలి దశలోనూ, ఎల్‌వీఎం-3కి ఇరువైపులా ఉండే ఎస్‌200 మోటార్లలోనూ వాడే ఘన ఇంధనంలో అల్యూమినియం పొడి ఉంటుంది. ఒక్కో ఎస్‌200లో 200 టన్నులకు పైగా ఇంధనం రెండు నిమిషాల పైచిలుకులో మండిపోతుంది. పొడి కాలి అల్యూమినియం ఆక్సైడు అనే తెల్లని నలుసులుగా మారుతుంది. చిక్కగా, చాలాసేపు నిలిచే గీతలు వీటివే. ద్రవ ఇంధనంతో పనిచేసే వికాస్ ఇంజిన్ పొగలో నీటి ఆవిరి, నత్రజని, కార్బన్ డయాక్సైడు ఎక్కువ. హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండించే క్రయోజెనిక్ దశ వదిలేది ప్రధానంగా నీటి ఆవిరే. ఆ ఎత్తున ఆవిరి మంచు రేణువులుగా గడ్డకట్టి మెరుస్తుంది. ద్రవ, క్రయో దశల పొగ పలుచన కాబట్టి పగలు కంటికి ఆనదు. చీకటి ఆకాశం ముందు, ఎండ తగిలినప్పుడు మాత్రమే బయటపడుతుంది.

రంగుల సంగతి కూడా ఎండ వచ్చిన దారిని బట్టే ఉంటుంది. నీడ అంచుకు దగ్గరగా ఉన్న పొగను చేరే కిరణాలు వాతావరణంలోని చిక్కటి పొరల గుండా ఏటవాలుగా ప్రయాణించి వస్తాయి కనుక ఆ భాగం నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటుంది. ఇంకా పైనున్న భాగానికి నేరు ఎండ తగులుతుంది కాబట్టి తెల్లగా, ఒక్కోసారి నీలంగా ఉంటుంది. ఒకే గీతలో కింద ఎరుపు, పైన తెలుపు కనిపించడానికి కారణం ఇదే తప్ప రెండు వేర్వేరు రసాయనాలు కావు. రాకెట్ వెళ్లిపోయాక గీత మెలికలు తిరగడానికి వేర్వేరు ఎత్తుల్లో గాలులు వేర్వేరు దిక్కులకు వీయడం కారణం. అదుపు తప్పిన రాకెట్ మెలికలు తిరిగిందన్న ప్రచారం ఈ దృశ్యం నుంచే పుడుతుంది.

నిజంగానే అదుపు తప్పిన సందర్భమూ ఒకటి ప్రసిద్ధమైంది. 2009 డిసెంబరు 9న ఉత్తర నార్వే వాసులకు ఆకాశంలో పెద్ద సుడి కనిపించింది. తెల్ల సముద్రంలోని జలాంతర్గామి నుంచి రష్యా ప్రయోగించిన బులావా క్షిపణి విఫలమై గిరగిరా తిరుగుతూ ఇంధనాన్ని చిమ్మడంతో అది ఏర్పడింది. మెలిక వేరు, సుడి వేరు. గాలి చేసిన మెలిక క్రమం లేకుండా ఉంటుంది. తిరిగే వస్తువు చేసిన సుడి లెక్క కట్టినట్టు ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి లెక్క

భూమి గుండ్రంగా ఉండటం వల్ల 640 కిలోమీటర్ల దూరంలో ఉన్న వస్తువు సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరేదాకా క్షితిజం చాటునే ఉండిపోతుంది. ఎల్‌వీఎం-3 ఆ ఎత్తుకు చేరడానికి దాదాపు నిమిషంన్నర పడుతుంది. టీవీలో కౌంట్‌డౌన్ ముగియగానే డాబా ఎక్కి ఏమీ కనిపించలేదని దిగివచ్చేవారు తొందరపడినట్టే. క్షితిజం పైకి రావడం ఒక ఎత్తు, తీరప్రాంతపు మసకను దాటి కనిపించడం ఇంకో ఎత్తు. 5 డిగ్రీలు పైకి లేవాలంటే రాకెట్ 80 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి, అంటే మరో నిమిషం. ఎల్‌వీఎం-3 115 కిలోమీటర్ల ఎత్తున, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచాన్ని వదిలే సమయానికి శ్రీకాకుళం నుంచి అది సుమారు 8 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో 10 డిగ్రీలు కప్పుతుంది. వెతకాల్సింది క్షితిజం మీద ఆ ఒక్క పిడికిలి ఎత్తులోనే. నడినెత్తి మీద చూసేవారు వెతుకుతున్నది తప్పు చోట.

దిక్కు విషయానికొస్తే, ఇల్లు కట్టించిన ప్రతివారికీ తెలిసిన నైరుతి మూలే. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి శ్రీహరికోట దాదాపు సరిగ్గా నైరుతిలో ఉంది. తూర్పు వైపు సాగే రాకెట్ బంగాళాఖాతం మీదుగా వెళుతుంది కాబట్టి ఇక్కడి నుంచి చూసేవారికి వెలుగు నైరుతిలో మొదలై, ఎడమ పక్కకు జరుగుతూ దక్షిణం దాటి ఆగ్నేయం వైపు పోతుంది. అది నేలకు అడ్డంగా పాకినట్టు కనిపిస్తుందే తప్ప నిలువుగా లేచినట్టు కనిపించదు. రాకెట్టే కాదని చాలామంది అనుకోవడానికి ఇదొక కారణం.

8 డిగ్రీల ఎత్తున చూసే చూపు నడినెత్తి చూపుకన్నా దాదాపు 7 రెట్లు గాలిని దాటి పోవాలి. ఆ గాలిలో ఉప్పు తేమ, దుమ్ము, పొగ ఉంటే వెలుగు సగానికి సగం దారిలోనే పోతుంది. దానికి తోడు విజయనగరం పట్టణం నుంచి దక్షిణ నైరుతికి చూస్తే ఆ దిక్కునే 50 కిలోమీటర్ల దూరంలో విశాఖపట్నం దీపాల కాంతి, పారిశ్రామిక మసక అడ్డుపడతాయి. కళింగపట్నం, చింతపల్లి తీరాలు ఈ ఇబ్బందిని కొంత తప్పిస్తాయి. సముద్రపు ఒడ్డున దక్షిణం వైపు కొండలూ చెట్లూ లేని క్షితిజం దొరుకుతుంది.

శబ్దం గురించి ఒక్క మాట. 640 కిలోమీటర్లు దాటడానికి శబ్దానికి అరగంట పైనే పట్టాలి, అంత దూరం అది నిలవదు. వెలుగుతో పాటే ఉరుము వినిపించిందంటే ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఇరవై నిమిషాల తేడా

ఉత్తరాంధ్ర విషయంలో ప్రత్యేకంగా గమనించాల్సింది ఇక్కడ ఉంది. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా సూర్యుడు శ్రీకాకుళానికి ముందు వస్తాడు, ముందు పోతాడు. శ్రీహరికోటకన్నా శ్రీకాకుళం దాదాపు 3.7 డిగ్రీలు తూర్పున ఉండటం వల్ల 15 నిమిషాల తేడా వస్తుంది. ఉత్తరాన ఉండటం వల్ల ఋతువును బట్టి మరో 8 నిమిషాల వరకు అటూ ఇటూ అవుతుంది. చలికాలపు సాయంత్రాల్లో శ్రీకాకుళంలో పొద్దు 20 నిమిషాలకు పైగా ముందే గుంకుతుంది. వేసవి ఉదయాల్లో 20 నిమిషాలకు పైగా ముందే పొడుస్తుంది.

దీని ఫలితం కొన్ని ప్రయోగాల సమయాలతో పోల్చి చూస్తే స్పష్టమవుతుంది. 2019 మే 22న ఉదయం 5:30కు పీఎస్‌ఎల్‌వీ-సీ46 రీశాట్-2బీ ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. అప్పటికి శ్రీహరికోటలో సూర్యోదయానికి ఇంకా 10 నిమిషాల పైన ఉంది. శ్రీకాకుళంలో మాత్రం పొద్దు పొడిచి 10 నిమిషాలైంది. అక్కడివారికి సంధ్యలో ఎగిరిన రాకెట్ ఇక్కడివారికి పగటి రాకెట్ అన్నమాట. 2022 ఫిబ్రవరి 14న ఉదయం 5:59కు ఈవోఎస్-04 ఉపగ్రహంతో పీఎస్‌ఎల్‌వీ-సీ52 ఎగిరినప్పుడు శ్రీహరికోటలో సూర్యోదయానికి 34 నిమిషాల వ్యవధి ఉంది, అది చక్కని అదను. శ్రీకాకుళానికి వచ్చేసరికి ఆ వ్యవధి 23 నిమిషాలకు తగ్గింది. 2025 జనవరి 29న ఉదయం 6:23కు జరిగిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ప్రయోగం శ్రీహరికోట నుంచి వందోది కావడంతో చాలామంది దాని కోసం ఎదురుచూశారు. శ్రీకాకుళంలో ఆ రోజు సూర్యోదయం లెక్క ప్రకారం 6:28. తెల్లబడిన ఆకాశంలో పొగను వెతకడం వృథా శ్రమ.

సాయంత్రం ఈ లెక్క తిరగబడుతుంది. 2025 నవంబరు 2న సాయంత్రం 5:26కు 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహంతో ఎల్‌వీఎం-3 బయల్దేరే సమయానికి శ్రీహరికోటలో సూర్యుడు ఇంకా ఆకాశంలోనే ఉన్నాడు. శ్రీకాకుళంలో 5:21కే అస్తమించాడు. అదనుకు ఇంకా పావుగంట తక్కువే అయినా, ఒకే ప్రయోగం ఒక చోట పగటిది, మరో చోట మునిమాపుది కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

లెక్కలన్నీ కలిసొచ్చిన ప్రయోగం కొంత పాతది. 2015 డిసెంబరు 16న సాయంత్రం 6 గంటలకు సింగపూర్ ఉపగ్రహాలతో పీఎస్‌ఎల్‌వీ-సీ29 ఎగిరింది. శ్రీహరికోటలో పొద్దు గుంకి పావుగంటే అయినా, శ్రీకాకుళంలో 39 నిమిషాలైంది. ఆకాశం నల్లబడింది. రాకెట్ సాగిన చోట భూమి నీడ 50, 60 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి, ఆపైన రాకెట్ వదిలిందంతా ఎండలోనే ఉంది. దాని కక్ష్య భూమధ్యరేఖకు 15 డిగ్రీల వాలులో ఉండటంతో రాకెట్ దక్షిణానికి మళ్లకుండా తూర్పుకే సాగింది. మబ్బు లేని ఆకాశమైతే కళింగపట్నం ఒడ్డు నుంచి దాన్ని చూడటానికి ఇంతకన్నా అనువైన సమయం కుదరదు. 2017 ఆగస్టు 31న రాత్రి 7 గంటలకు ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ39 కూడా సంధ్యకు చివరి అంచులో ఉంది. ఇక్కడ అప్పటికి పొద్దు గుంకి 50 నిమిషాలు. ఆ ప్రయోగంలో ఉష్ణకవచం విడిపోక ఉపగ్రహం లోపలే చిక్కుకుపోయింది. అయితే దూరపు చూపుకు గెలుపూ ఓటమీ ఒకేలా ఉంటాయి, పొగ రెండింటిలోనూ ఒకటే.

పగటి ప్రయోగం ఇక్కడ కనిపించకపోయినా ఇంకెక్కడో సంధ్యలో పడవచ్చు. 2019 జులై 22న మధ్యాహ్నం 2:43కు చంద్రయాన్-2 బయల్దేరింది. భారత్‌లో నడి పగలు. కొద్ది నిమిషాల తర్వాత ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చీకటి పడ్డాక ఆకాశంలో వింత వెలుగు కదలడం స్థానికులను ఆశ్చర్యపరచింది. అది ఆ రాకెట్‌దేనని ఖగోళ శాస్త్రజ్ఞులు వివరించారు. మన రాకెట్‌ను మనకన్నా వాళ్లే బాగా చూశారు.

ఉదయం ఆరు గంటలకే ఎందుకు

ప్రయోగ సమయాలు చూడముచ్చట కోసం పెట్టేవి కావు. రాడార్‌తో భూమిని చిత్రించే ఉపగ్రహాలకు విద్యుత్తు ఎక్కువ కావాలి. అందుకని వాటిలో చాలావాటిని పగలూ రాత్రీ కలిసే గీత వెంబడే తిరిగే కక్ష్యలో ఉంచుతారు. సౌరఫలకాలకు దాదాపు ఎల్లవేళలా ఎండ తగిలే కక్ష్య అది. అలాంటి కక్ష్యలోకి నేరుగా చేర్చాలంటే ప్రయోగ కేంద్రం ఆ గీత కిందకు వచ్చిన సమయంలోనే, అంటే ఉదయం లేదా సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో రాకెట్ ఎగరాలి. 2012 ఏప్రిల్ 26న రీశాట్-1 ఉదయం 5:47కు, ఈవోఎస్-04 ఉదయం 5:59కు, 2025 మే 18న ఈవోఎస్-09 మళ్లీ 5:59కు, అదే ఏడాది జులై 30న నైసార్ సాయంత్రం 5:40కు ఎగిరింది అందుకే. సంధ్య ప్రయోగాలు కాకతాళీయం కావు. రాడార్ ఉపగ్రహాలు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి.

చిక్కేమిటంటే, ఈ కక్ష్యలన్నీ ధ్రువాల మీదుగా పోయేవి. శ్రీలంకను తప్పించుకుంటూ రాకెట్ ముందు ఆగ్నేయానికి, తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. అంటే శ్రీకాకుళానికి వీపు చూపిస్తూ దూరమవుతుంది. ఎంత పైకి ఎక్కినా ఇక్కడి ఆకాశంలో పెద్దగా లేవదు. సమయం కుదిరిన రాకెట్‌కు దారి కుదరదు. దారి కుదిరే రాకెట్లు తూర్పుకు సాగే జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం-3 ప్రయోగాలు. వాటి సమయాలు ఉపగ్రహపు అవసరాన్ని బట్టి రోజులో ఎప్పుడైనా రావచ్చు. ఉత్తరాంధ్రకు మంచి దృశ్యం అరుదు కావడానికి దూరంకన్నా ఈ పొంతన లేమే పెద్ద కారణం. పైగా వేసవిలో ఈ కక్ష్యకు ఉదయం ఆరుకు జరిగే ప్రయోగాలు ఇక్కడ పూర్తిగా ఎండలో పడతాయి. ఈవోఎస్-09 ఎగిరేసరికి శ్రీకాకుళంలో పొద్దు పొడిచి 40 నిమిషాలైంది.

ఈశాన్యంలో లేచే వెలుగు

శ్రీకాకుళం జిల్లాకు శ్రీహరికోటకన్నా దగ్గరగా మరో ప్రయోగ స్థలం ఉంది. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి శ్రీకాకుళం పట్టణానికి సుమారు 430 కిలోమీటర్లు, ఇచ్ఛాపురానికి 310 కిలోమీటర్లే. అక్కడి నుంచి ఎగిరే అగ్ని శ్రేణి క్షిపణులు ఇచ్ఛాపురం వైపు నుంచి 7, 8 కిలోమీటర్ల ఎత్తుకే క్షితిజం దాటి పైకి వస్తాయి. పైగా అవి బంగాళాఖాతం మీదుగా దక్షిణానికి సాగుతాయి కాబట్టి ఈ తీరానికి దూరం కావడానికి బదులు పక్కగా దాటి వెళతాయి. శ్రీహరికోట రాకెట్ నైరుతిలో మొదలై ఎడమకు జరిగితే, ఇవి ఈశాన్యంలో మొదలై కుడికి జరుగుతాయి. గుర్తుపట్టడానికి ఈ ఒక్క తేడా చాలు.

2022 డిసెంబరు 15న సాయంత్రం 5:30 ప్రాంతంలో అగ్ని-5 పరీక్ష జరిగినప్పుడు పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల్లో కొన్నిచోట్ల జనం వింత వెలుగును చూసి హడావిడి పడ్డారు. ఆ రోజు కోల్‌కతాలో సూర్యాస్తమయం 4:54. అంటే అక్కడ 35 నిమిషాలు దాటింది. శ్రీకాకుళంలో సూర్యుడు 5:20కి గుంకాడు కాబట్టి 10 నిమిషాలే అయింది. ఒకే పరీక్షకు రెండు చోట్ల ఒకరి ఆకాశం సిద్ధంగా ఉంది, ఇంకొకరిది లేదు. శ్రీహరికోట విషయంలో శ్రీకాకుళానికి కలిసొచ్చే తూర్పున ఉండటమనే అనుకూలత, ఒడిశా విషయంలో బెంగాల్‌కు కలిసొచ్చింది.

క్షిపణి పరీక్షల తేదీ, గంట ముందుగా ప్రకటించరు. విమానాలకూ ఓడలకూ జారీ చేసే హెచ్చరికల్లో ఫలానా రోజుల్లో ఫలానా సముద్ర ప్రాంతం దాటవద్దని మాత్రం ఉంటుంది. గందరగోళం ఎక్కువగా క్షిపణుల చుట్టూనే రావడానికి ఇది కారణం. ఇస్రో ప్రయోగాన్ని ముందే టీవీలో చూపిస్తారు కాబట్టి అనుమానాలు త్వరగా తీరతాయి. జలాంతర్గాముల సంగతి మరీ ప్రత్యేకం. 2024 నవంబరులో ఐఎన్ఎస్ అరిఘాత్ నుంచి కే-4 క్షిపణిని బంగాళాఖాతంలో పరీక్షించారు. అలాంటి పరీక్షకు ఒడ్డున స్థిరమైన కేంద్రం లేదు కాబట్టి, వెలుగు తూర్పున ఏ మూల నుంచైనా రావచ్చు.

రాకెట్ కానివి

మిగతా వెలుగులను వేరు చేయడం కష్టం కాదు. ఉల్క కొన్ని సెకన్లలో మాయమవుతుంది. తోకచుక్క కదులుతున్నట్టు కనిపించదు, రోజుల తరబడి ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పొగ లేని ఒంటి చుక్కగా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. దండలా వరుసకట్టి వెళ్లే చుక్కలు కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. పాత రాకెట్ భాగాలు తిరిగి వాతావరణంలో పడేటప్పుడు నారింజ రంగు నిప్పురవ్వలు గుంపుగా, తోకలతో, నెమ్మదిగా సాగుతాయి. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్రలో కనిపించినవి చైనా రాకెట్ శకలాలవి. అవి రాపిడికి మండి సొంతంగా వెలుగుతాయి కాబట్టి వాటికి సంధ్యతో పనిలేదు, నడిరాత్రి అయినా కనిపిస్తాయి. పొగ వెలుగు మాత్రం ఎండ అరువు ఇచ్చినదే.

ముందు ముందు

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పెద్ద రాకెట్లు, ప్రైవేటు రాకెట్లు కలిసి ప్రయోగాల సంఖ్య పెరిగితే ఉత్తరాంధ్రకు అనువైన సాయంత్రాలు కూడా కొన్ని పెరగవచ్చు. చిన్న ఉపగ్రహాల కోసం తమిళనాడులోని కులశేఖరపట్నంలో సిద్ధమవుతున్న కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అది శ్రీకాకుళానికి 1,200 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి రాకెట్ 120 కిలోమీటర్ల ఎత్తుకు ఎగబాకితే గాని ఇక్కడి క్షితిజం దాటదు, ఆపై నేరుగా దక్షిణానికే పోతుంది. ధ్రువ కక్ష్య ప్రయోగాల్లో కొన్ని అటు తరలితే శ్రీకాకుళం, విజయనగరం వాసులు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు. వాళ్లకు పనికొచ్చేవి శ్రీహరికోట నుంచి తూర్పుకు పోయేవే.

అలాంటి ప్రయోగం ప్రకటించినప్పుడు చూడాల్సినవి మూడే: ప్రయోగ సమయం, ఆ రోజు స్థానిక సూర్యాస్తమయం, ఆ రెండింటి మధ్య నిమిషాలు. తేడా 20కి లోపైతే ఆకాశం వెలుతురుగా ఉంటుంది, గంట దాటితే పొగ నీడలో పడుతుంది. మధ్యలో ఉంటే సముద్రం ఒడ్డున నైరుతికి తిరిగి నిలబడి, ఎగిరిన రెండో నిమిషం నుంచి ఆరో నిమిషం వరకు క్షితిజానికి పిడికిలి ఎత్తులో, కుడి నుంచి ఎడమకు వెతకాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాల మబ్బులు ఈ లెక్కను చెడగొట్టే అవకాశం ఎక్కువ. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు తేటగా, పొద్దు తొందరగా గుంకేవిగా ఉంటాయి.